ముద్ద నోటిదాకా

పక్షవాతం మా ఆయన కుడిచేతిని పడగొట్టింది గానీ నోటి జోలికి పోలేదు. ఆసుపత్రి మంచం మీద నుంచే మిరప తోటకు నీళ్లు ఎవరు కడుతున్నారో ఫోన్లో అరిచి మరీ కనుక్కునేవారు.

నరసరావుపేటలో రోబో మిషన్‌తో చేతికి కసరత్తు చేయిస్తారని తెలిసి, వెల్దుర్తి నుంచి వచ్చి గది తీసుకున్నాం. మాతో అత్తగారూ వచ్చారు. అక్కడ చేతిని బెల్టులతో మిషన్‌కు బిగిస్తారు. ఎదురుగా తెర మీద చెట్టు, దాని నిండా పండ్లు. చెయ్యి చాపి కోసి బుట్టలో వెయ్యాలి. మొదటి వారమే బుట్ట నిండింది. నేను సంబరపడి వీడియో తీసి చుట్టాలందరికీ పంపాను. అంత పని చేసిన చేతికి విశ్రాంతి కావాలని గదిలో దిండు మీద పెట్టి, పూటపూటా నేనే తినిపించాను. ఎడమచేత్తో అన్నం ముట్టడానికి ఆయన ససేమిరా అన్నారు.

ఒకరోజు ఫిజియోథెరపీ అమ్మాయి మిషన్ సాయం తగ్గించింది. చెయ్యి జానెడు కదిలి ఆగిపోయింది. ఇన్నాళ్లూ పండ్లు కోసింది చాలావరకు మిషనేనని అప్పుడు అర్థమైంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అన్నం ఎవరు పెడతన్నారు?" అని అడిగింది ఆ అమ్మాయి.

"నేనేనమ్మా," అన్నాను గొప్పగా.

"మానెయ్యండి ఆంటీ. మిషన్ దారి చూపిద్ది, అంతే. మిగతా పనంతా ఆ చెయ్యే చెయ్యాల. ఒలికినా సరే, కుడిచేత్తోనే తిననియ్యండి."

ఆ మధ్యాహ్నం పప్పన్నం ముద్దలు చేసి కంచం ఆయన ముందు పెట్టాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వేళ్లు ముద్దను పట్టాయి. గడ్డం దాకా వచ్చాక అది జారి చొక్కా మీద పడింది. రెండోదీ అంతే. అత్తగారు చూడలేకపోయారు.

"కట్టుకున్నోడు ఆకలికి అల్లాడతంటే చూస్తా కూర్చున్నావే, నువ్వేం ఆడదానివే?"

ఆమె తినిపించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె మాటకు నేను ఎదురు తిరగడం అదే మొదలు.

ఆయన తన చొక్కా చూసుకున్నారు. తర్వాత నా వంక చూశారు.

"ఏమే, నీ చెయ్యి గూడా పడిపోయిందా?"

ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఇంకో ముద్ద చేసి కంచంలోనే పెట్టాను.