మందు చుక్కలకు ఆయుధపూజ

జరిగి దగ్గరగా కూర్చోండి. నాగార్జునసాగర్ గేట్లన్నీ ఎత్తినా మునగనంతగా, ఒక పిల్ల ఆరు నెలల కష్టాన్ని నేను ఒక్క వేలితో ముంచిన కథ ఇది. అప్పటికి నాకు నలభై దాటాయి, బుద్ధి మాత్రం ఏడు దాటలేదు.

మా చెల్లెలి కూతురు శిరీష కోదాడలో మందుల చదువు చదివేది. ఆర్ఎన్ఏ అని ఒక సన్న పోగు ఉంటుందట. చెడ్డ కొవ్వును పెంచమని ఒంట్లో పోయే కబురును అది మధ్యలోనే తుంచేస్తుందట. చిట్టి సీసాల్లో పోసిన ఆ మందు చుక్కల్ని మంచుడబ్బాలో పెట్టుకుని, హైదరాబాద్‌లో సారుకు చూపించడానికి పోతూ, దసరా రోజున సూర్యాపేటలో మా ఇంట్లో దిగింది. మర్నాటి పరీక్షలో పోగులు నిలవకపోతే పని ఆపేయమన్నాడట సారు.

"పెద్దమ్మా, డబ్బా జర ముట్టకు," అని చెప్పి స్నానానికి వెళ్లింది.

ముట్టకుండా ఉండే చెయ్యా నాది? మిర్యాలగూడ మిల్లులో బస్తాలో చెయ్యి పెట్టి, గింజ కొరికి బియ్యం జాతకం చెప్పే ఇంటి ఆడపడుచును. పైగా దసరా. కత్తిపీటకు, రోలుకు, పక్కింటి ఆటోకు కూడా బొట్టు పెట్టినదాన్ని, పిల్ల పనిముట్టును వదిలేస్తానా? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈ పెద్దమ్మ అడగకుండానే పెట్టింది. శనగగింజంత మూతల మీద బొట్టు నిలవలేదు. అందుకని మూతలు తీసి, పసుపునీళ్లలో ముంచిన వేలితో సీసాకొక చుక్క వేశాను.

పచ్చబడ్డ సీసాలను చూసి శిరీష తెల్లబడింది.

"ఏం చేసినవ్ పెద్దమ్మా?"

"పూజ చేసిన బిడ్డా. ఇగ నీ మందుకు తిరుగుండదు."

"చేతి చెమట తగిలితేనే ఆ పోగు ముక్కలైతది. నువ్వు తానమే చేయించినవ్."

గడప మీద కూలబడి ఏడ్చింది. ఏడుపు మధ్యలోనే చెప్పింది: ఒక వరుసలో ఉన్నవి మామూలు పోగులు, రెండో వరుసలోవి రక్తంలో తెగకుండా రసాయనంతో గట్టిపరిచినవి.

"అంటే ఉప్పుడు బియ్యం లెక్కనా? వడ్లు ఉడకబెట్టి ఆడిస్తే నూక కాదు."

"అట్లనే అనుకో."

"మరి ఏడుపెందుకు? మిల్లుకు తోలు, ఏవి నూకైతయో ఏవి నిలుస్తయో అదే చెప్తది."

ముక్కు తుడుచుకుని, ఉన్నదున్నట్టు సారుకు చెబుతానని బస్సెక్కింది. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. మూడో రోజు ఫోను.

"పెద్దమ్మా, మామూలువన్నీ నూకలైనయ్. ఉప్పుడువి ఒక్కటి గూడ ఇరగలే. ఇంత మురికి పరీక్ష ఎవ్వరూ పెట్టలేదని సారు ఒకటే నవ్వుడు. కొత్త చుక్కలు తయారుచేసి, ఈసారి శుభ్రంగా మళ్లా చూపించమన్నడు. పని ఆగలే."

అప్పుడే పసుపుగిన్నె ముట్టుకుని ఒట్టేశాను: మూత ఉన్న దేంట్లోనూ ఈ జన్మలో వేలు పెట్టను. ఆ మందు సూదిగా వచ్చిన రోజున కూడా సీసా జోలికి పోను. డాక్టరు నుదుటికే పెడతాను బొట్టు.

మీ ఇంటి గింజ విరగకుండా, మీ పిల్లల కష్టం నూకపాలు కాకుండా, మీరంతా చల్లగా ఉండాలి.