ఉప్పుటేట్లో చెలిమె

ఈ అరబ్బు దేశంలో శుక్రవారం మాకు డ్యూటీ ఉండదు. లేబర్ క్యాంపు గదిలోని నోళ్లకు మాత్రం ఆ రోజే ఓవర్‌టైం. ఎనిమిది మందిమి, ఎనిమిది ఫోన్లు. ఒకడు ఇంటికి వీడియో కాల్ చేస్తే, మిగతా అందరమూ వాడి అత్తగారి మోకాళ్ల నొప్పి వినాలి. అందుకే తెల్లారగానే తుబ్లీ అనే ఊరి వైపున్న ఉప్పుటేటి దగ్గరికి పారిపోయేవాణ్ణి. మడ చెట్లు, బురదలో ఎండ్రకాయలు, ఒంటికాలి మీద కొంగలు. నాది షట్టరింగ్ పని, కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించడం. వారమంతా చెక్కలు కొట్టేవాడికి, కొట్టక్కర్లేని చెట్ల కింద కూర్చోవడం ఎంత సుఖమో చెప్పలేను. వారానికోసారి ఎవరికీ ఏమీ కాకుండా ఉండటానికి నాకున్న చోటు అదొక్కటే.

దాన్ని పాడు చేసినవాడు పరాయివాడైనా బాగుండేది. నా కింది మంచం బావ. బావంటే చుట్టం కాదు, పక్క ఊరివాడు. ఏటికి పోటు రోజూ వస్తుంది, నాకు వెన్నుపోటు ఓ శుక్రవారం వచ్చింది. నా వెనకే వచ్చి, ఫొటో తీసి, గదిలో అందరికీ చూపించాడు.

“గింత మంచి జాగ పెట్టుకొని ఒక్కనివే తిరుగుతున్నవా? ఎంత పిసినారివే!” అని పైగా నన్నే తిట్టాడు.

మరుసటి శుక్రవారం అందరూ దిగారు, మటన్ డేగిశతో, స్పీకర్‌తో. సముద్రం నీళ్లు వెనక్కి తీసిన వేళ, ఏటి నడుమ ఇసుక తేలి ఉంది. మాది వాగుల దేశం. ఎండాకాలం వాగు ఎండిందంటే ఇసుకలోనే దావత్. ఇక్కడా నేరుగా నడిమధ్యకు పోయి దుప్పట్లు పరిచారు.

“గట్టు మీద కూసోండి బావా, నీళ్లొస్తయి.”

“ఏడికెల్లి వస్తయే? పైన వాన పడ్డదా?”

“చంద్రుడు గుంజుతడు.”

“పొద్దుగాల్నే ఏం తాగినవ్?”

అందరూ నవ్వారు. బడిలో ఆ పాఠం నేనూ నిద్రలోనే విన్నాను.

కూర కారమైంది, తెచ్చిన నీళ్లు అయిపోయాయి. బావ ఇసుకలో చెలిమె తోడాడు. మా వాగుల్లో మోచేతి లోతు గుంత తీస్తే తియ్యటి నీళ్లు ఊరుతాయి. ఇక్కడా ఊరాయి. దోసిలి నిండా గుటక వేసి, ఉమ్మి, “ఉప్పున్నయని ముందుగాల చెప్పద్దా?” అని నా మీద ఎగిరాడు. సముద్రం ఉప్పగా ఉండటం కూడా నా తప్పే!

చప్పుడు లేకుండా పోటు వచ్చింది. దుప్పట్లు తడిశాయి, డేగిశ తేలింది, ప్లాస్టిక్ ప్లేట్లన్నీ మడ వేళ్లలోకి దూరాయి. “యల్లా, యల్లా” అని అరబ్బీలో ఒకర్నొకరు తొందరపెట్టుకుంటూ, పకపకా నవ్వుతూ అందరూ వెళ్లిపోయారు. మోకాలి లోతు బురదలో నేను ప్లేట్లు ఏరుతుంటే ఒక్కడంటే ఒక్కడు వెనక్కి తిరగలేదు. కొంగలు ఎప్పుడో లేచిపోయాయి. ఆ మాత్రం తెలివి నాకు లేదు.

తర్వాతి వారం మళ్లీ బయల్దేరారు. నేను రానని ముసుగు తన్నాను. కాసేపటికి ఫోన్ మోగింది. బావే.

“నీళ్లు ఏ యాళ్లకొస్తయే?”

కరెంటు ఎప్పుడొస్తుందని అడిగినట్టు, ఏటికి నన్ను లైన్‌మన్‌ని చేశారు! ఫోన్ పెట్టేద్దామనుకున్నాను.

“గట్టు మీద కూసోండి. ప్లేట్లు సంచిల ఎయ్యుండ్రి. ఆ స్పీకర్ బంద్ జెయ్.”

“గిన్ని కానూన్లుంటె నువ్వే రారాదు?”

ఖాళీ సిమెంటు సంచి చంకన పెట్టుకుని, చెప్పులేసుకున్నాను. ఒంటరిగా కూర్చున్న చోటికి ఇప్పుడు కాపలాకు పోవాలి, అదీ జీతం లేకుండా. దారి పొడుగునా బావను తిడుతూనే నడిచాను.