తలుపు తీస్తే ఆగిపోయే చప్పుడు

సింగపూర్‌లో షిప్‌యార్డు ఉద్యోగం నుంచి రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, ఆగస్టు నెలలో, నన్ను పెద్ద ఓడల నుంచి తప్పించి చిన్న పడవల మరమ్మతు విభాగానికి సూపర్‌వైజర్‌గా వేశారు. వర్క్ పర్మిట్ మీద వైర్‌మన్‌గా వచ్చి బూన్ లే వైపు పనివాళ్ల బసలో దిగినవాణ్ణి. తరువాత చార్జ్‌హ్యాండ్‌నయ్యాను, అంటే ఆరేడుగురు వైర్‌మన్ల మీద పెద్ద. ఆ పైన సూపర్‌వైజర్‌ని. నాలుగు వందల నలభై వోల్టుల ఓడల్లో తిరిగిన నాకు పన్నెండు వోల్టుల పడవలు ఆటబొమ్మల్లా కనిపించేవి. సూర్యప్రకాశ్ గారి పడవ ఎక్కినప్పుడు నాలో ఉన్నది ఆ చులకన భావమే.

ఆయనది గుడివాడ వైపు. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో చాలాకాలం పనిచేసి, విరమణ తరువాత పాత తెరచాప పడవ ఒకటి కొనుక్కున్నారు. అంతకుముందు దాని యజమాని ఒక విదేశీయుడు. ఒంటరిగా ఆ పడవలోనే కాపురముండి, అందులోనే చనిపోయాడు. రెండు రోజుల వరకు ఎవరికీ తెలియలేదట. ఆ తరువాత ఏడాదికి పైగా పడవ మూసి ఉంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి సూర్యప్రకాశ్ గారి భార్య లలిత గారు అందులో కాలు పెట్టలేదు.

వర్క్ ఆర్డర్‌లో రాసింది ఒక్క ముక్కే: ఫ్రిజ్ సరిగా చల్లబడటం లేదు, వైరింగ్ చూడాలి. కాని జెట్టీ మీద కలవగానే ఆయన గొంతు తగ్గించి చెప్పారు.

"అప్పలరాజు గారూ, ఫ్రిజ్ సంగతి తరవాత చూద్దురు గానీ, ముందు ఇది వినండి. లోపల ఎవరో కొడుతున్నారండీ."

"ఎవరండీ?"

"ఎవరూ లేరు. అదే కదా ప్రాబ్లం."

జెట్టీ కాపలా చూసే రహీమ్ అనే మలయ్ మనిషి పక్కనే ఉన్నాడు. తలుపు తెరిస్తే ఆగిపోతుందనీ, మూస్తే మళ్లీ మొదలవుతుందనీ ఇంగ్లీషులో చెప్పాడు. "పగలే, అంకుల్. నైట్ అయితే సైలెంట్. నేను ఇటు రావడం మానేశాను లా," అన్నాడు, అక్కడివాళ్ల అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి.

అప్పుడు ఉదయం పదకొండు గంటలు. ముగ్గురం నిలబడి విన్నాం. తాళ్ల కిర్రు, పడవ పక్కల నీళ్ల చప్పుడు. అంతలో లోపలి నుంచి, వేలి కణుపుతో చెక్క మీద కొట్టినట్టు, 'టక్'మంది. గడియారం చూసుకున్నాను. ఒక నిమిషానికి మళ్లీ 'టక్'. సూర్యప్రకాశ్ గారు పడవెక్కి, లోపలికి దిగే మెట్ల మీద తలుపులా ఉండే జారుడు మూతను ముందుకు తోశారు. అంతే, నిశ్శబ్దం. పది నిమిషాలు చూశాం. ఏమీ లేదు. మూత వేసి ఆయన దిగి వచ్చాక, మళ్లీ మొదలైంది.

ఎండకు చెక్క బిగుసుకుంటోందన్నాను.

"తలుపు తీసి ఉందో వేసి ఉందో చెక్కకేం తెలుస్తుందండీ?" అన్నారాయన.

లోపలికి దిగి బ్యాటరీ మెయిన్ స్విచ్ చూశాను. దాని ఎర్ర పిడి ఆఫ్‌లో ఉంది. ఒడ్డు నుంచి కరెంటు తెచ్చే కేబులు జెట్టీ మీదే చుట్ట చుట్టి ఉంది. పడవలో కరెంటు లేదని తేల్చేశాను. మీటరు సంచిలోనే ఉండిపోయింది. కొత్తగా చేరిన ప్రతి వైర్‌మన్‌కూ ముందు మీటరు పెట్టు, తరువాతే చెయ్యి పెట్టు అని చెప్పినవాణ్ణి, ఆ రోజు నేనే పెట్టలేదు.

మూత వేయమని, లోపల కూర్చుని వింటానని చెప్పాను. తనూ ఉంటానన్నారు సూర్యప్రకాశ్ గారు. ఇద్దరముంటే ఏ కదలిక ఎవరిదో తెలియదని వద్దన్నాను. మూత పడింది. ఉక్క, మసక వెలుతురు, ఎదురుగా ఒక పడకబల్ల. ఆ మనిషి పోయింది దాని మీదే.

'టక్.'

చప్పుడు పడకబల్ల కింద నుంచే వచ్చింది. నా అరికాళ్లకు తెలిసింది. లేచి చూడటమే నా పని. అయినా లేవలేకపోయాను. నాలుగోసారి కొట్టిన తరువాత సన్నని మూలుగు ఒకటి మొదలై, కాసేపు సాగి, ఊపిరి అందనట్టు తెగిపోయింది.

"ఉన్నారా?" అని పైనుంచి కేక.

ఉన్నానని కేకేశాను.

లేచి పరుపు ఎత్తాను. దాని అడుగున వేలెడు వెడల్పున గోధుమరంగు గీత, ఇస్త్రీపెట్టె కాల్చినట్టు. కింద పలక తీస్తే ఫ్రిజ్ కంప్రెసర్ కనిపించింది. దాని రబ్బరు పాదాలు రాయిలా గట్టిపడి ఉన్నాయి. దానికి వచ్చిన వైర్లు ఇళ్లలో దీపాలకు వాడేంత సన్నవి. స్క్రూ విప్పబోతే స్క్రూడ్రైవరు కొన పక్క ఇనుముకు తగిలి నీలం నిప్పురవ్వ లేచింది. ఉలిక్కిపడి అరిచి, తల పైకప్పుకు కొట్టుకున్నాను. కరెంటు లేదని నేనే చెప్పిన పడవలో నిప్పురవ్వ! చప్పుడుకు కలిగినదానికంటే పెద్ద భయం దానికి కలిగింది, ఎందుకంటే నిప్పురవ్వ నా వృత్తి.

అప్పుడు తీశాను మీటరు. పదమూడు వోల్టులు దాటి చూపిస్తోంది. నా అరుపు విని సూర్యప్రకాశ్ గారు మూత తోశారు. నా కళ్లముందే అంకె సున్నాకు పడిపోయింది.

"మూత వెయ్యండి," అన్నాను. అంకె లేచింది.

"తియ్యండి." పడిపోయింది.

పైకి వెళ్లి చూశాను. మూత తెరిస్తే జారి కూర్చునే చోట, పైకప్పుకు అతికించిన పల్చని సోలార్ పలక ఉంది, మురికి పట్టి.

"అదా? పాడైపోయిందని బ్రోకరు చెప్పాడండీ," అన్నారాయన.

పాడవలేదు. దాని వైరును మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా తిన్నగా ఫ్రిజ్‌కు కలిపారు. మూత తెరిస్తే పలక దాని కింద కప్పబడిపోతుంది, మూస్తే ఎండ పడుతుంది. పలక ఇచ్చే కరెంటు తక్కువ, కంప్రెసర్ మొదలవడానికి కావలసింది ఎక్కువ. వోల్టేజి కుంగగానే దాని కంట్రోల్ పెట్టె ఆపేసి, నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నమే మేము విన్న చప్పుడు. మబ్బు తొలగినప్పుడు కాస్త తిరిగి మూలిగింది.

బ్యాటరీ వైపు చూస్తే పరిస్థితి ఇంకా ఘోరం. ఫ్యూజు ఉండేది ఫ్రిజ్‌ను కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. అక్కడ ఫ్యూజుకు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది, వైరు మాడుతున్నా కరెంటు తెగకుండా. వైరు అడ్డచెక్కలోంచి దూరే రంధ్రానికి రబ్బరు వలయం లేదు. పడవ ఊగినప్పుడల్లా రాసుకుని తొడుగు చిరిగి, పడకబల్ల పొడవునా మాడిపోయింది.

"మొన్న ఆదివారం మెయిన్ ఆన్ చేసి గంటసేపు ఇక్కడే పడుకున్నానండీ," అని సూర్యప్రకాశ్ గారు మాడిన వైరు వైపు వంగి చూశారు. "ఇలా ఎవరైనా ఎందుకు చేస్తారు?" అని అడిగారు.

జవాబు ఫ్రిజ్ లోపల దొరికింది. తలుపుకు అంటించిన కాగితం మీద, చెమ్మకు పాకిపోయిన ఇంగ్లీషు అక్షరాల్లో, మందు ఉంది, ఆపవద్దు అని రాసి ఉంది. పడవ కొన్నప్పుడు అందులో ఇన్సులిన్ పెన్నులు ఉన్నాయనీ, తానే పారేశాననీ అప్పుడు చెప్పారాయన. బ్యాటరీ అయిపోయినా మందు చల్లగా ఉండాలని ఆ ఒంటరి మనిషి పలకను తిన్నగా కలుపుకున్నాడు. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే కాగితం చుట్టాడు. ఆయన పోయాక కూడా ఏడాదికి పైగా, ఎండ పడ్డ ప్రతిసారీ, ఆ యంత్రం ఆయన మందు కోసం లేవబోతూనే ఉంది.

ఆయనది గుండెపోటని చెప్పారట. పరుపు కింది కాలిన గీత ఆయన పోయేనాటికే ఉందో, తరువాత పడిందో నాకు తెలియదు. అడగడానికి మనిషి లేడు.

మా వైర్‌మన్లతో కలిసి రెండు రోజుల్లో పని ముగించాం. ఆరు చదరపు మిల్లీమీటర్ల కళాయి పూసిన రాగి వైరు వేశాం. బ్యాటరీకి జానెడు దూరంలోపు పదిహేను ఆంపియర్ల ఫ్యూజు పెట్టాం. పలకకు వేరే ఫ్యూజు వేసి బ్యాటరీకి కలిపాం. రంధ్రానికి రబ్బరు వలయం తొడిగాం. మూడో రోజు లలిత గారు జెట్టీ దాకా వచ్చారు.

"అన్నయ్య గారూ, ఇంక చప్పుడు రాదు కదండీ?"

"ఫ్రిజ్ నుంచి రాదమ్మా," అన్నాను.

ఆమె పడవెక్కి పైనే కూర్చున్నారు. లోపలికి దిగలేదు.

ఆ తరువాత మా విభాగం పనిపత్రంలో మొదటి వరుస మార్పించాను. 'మెయిన్ ఆఫ్ చేశారా' అన్న ప్రశ్న తీసేసి, 'మీటరు ఎంత చూపింది, ఎక్కడ పెట్టి చూశారు' అని రాయించాను. స్విచ్ ఆపినవాడు తనకు తెలిసిన కరెంటును మాత్రమే ఆపుతాడు. తెలియని కరెంటు ఉందో లేదో మీటరే చెప్పాలి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడికి ఈ నియమం మరింత అవసరం, ఎందుకంటే మీటరు తీయకుండా పని మొదలుపెట్టేది వాడే.