రెండో సిద్దమ్మ

ఏదైనా రెండోసారి కనబడితే ఉమర్‌కు ఒళ్లు మంట. ఇంట్లో ఒకే సంవత్సరానికి రెండు క్యాలెండర్లుంటే ఒకటి చించేస్తాడు. ఎవరైనా తలుపు రెండుసార్లు కొడితే, "మొదటిదే వినపడిందిలే" అంటాడు. "తినండి, తినండి" అని భార్య గౌసియా కొసరితే, "ఒక్క తినండి చాలు, రెండోది తీసేయ్" అని చెయ్యి అడ్డం పెడతాడు.

కోయిలకుంట్ల బస్టాండు ముందు అతనిదో కంప్యూటర్ షాపు. పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాస్తాడు. రెండోవి తీసేసే పని దొరికిందా, ఇక పండగే.

ఆ రోజు గౌసియా క్యారియరు తెచ్చేసరికి, ఉచిత కంటి ఆపరేషన్ల శిబిరం పెట్టిన యేసుప్రసాద్ తల పట్టుకొని కూర్చున్నాడు.

"పేర్లన్నీ రెండేసిసార్లు వస్తాండాయి కదప్పా! పన్నెండుకల్లా లిస్టు ఆస్పత్రికి పోవాల. దాంట్లో లేనోళ్లకు ఆపరేషన్ చెయ్యరు."

"ఒక్కొక్కరు రెండు ఫోన్ నంబర్లు ఇచ్చినారు. నంబరుకొక వరుస వచ్చింది," అన్నాడు ఉమర్, విందుకు పిలిచినట్టు వెలిగిపోతూ. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు మూడూ ఒకటైతే మొదటి వరుస ఉంచి మిగతావి పారేయమని నాలుగు లైన్లు రాశాడు. ఎనభై వరుసలు ముప్పైతొమ్మిదయ్యాయి.

"ఎనభైలో సగం నలభై కదా?" అన్నాడు ఉమర్.

"ఒకటి తగ్గితే ఏమైతాదప్పా? ప్రింటు తీయ్!"

"సిద్దమ్మ, ఇంటాయన ఓబన్న. ఈ పేరు మీద నాలుగు వరుసలుండాయి. కండ్లు కనపడని ముసలామెకు నాలుగు ఫోన్లా?"

నాలుగు నంబర్లకూ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. బండి తాళం తీసుకున్నాడు.

"అన్నం?" అంది గౌసియా.

"వచ్చినాక."

బండి సందు తిరిగింది. "రెండోది కనపడితే ఓర్చుకోని మనిషి, ఈ పొద్దు ఏమైందన్నా?" అని యేసుప్రసాద్‌ను అడిగింది గౌసియా.

"ప్రతి లిస్టుకూ ఇంతేనమ్మా. అనుమానమొస్తే, పేరు తీసే ముందు పోయి మనిషిని చూసొస్తాడు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. మధ్యాహ్నం షాపులో లేనప్పుడల్లా టీ బంకు దగ్గర కబుర్లేననుకుని ఎన్నిసార్లు సాధించిందో!

పన్నెండుకు పది నిమిషాలుందనగా బండి వచ్చింది. వెనక ఒకరినొకరు గట్టిగా పట్టుకొని ఇద్దరు ముసలమ్మలు. ఇద్దరూ సిద్దమ్మలే. అక్కచెల్లెళ్ల బిడ్డలు, ఒకే అవ్వ పేరు పెట్టారు. చేసుకున్నది అన్నదమ్ముల బిడ్డల్ని, వాళ్లకూ ఒకే తాత పేరు, ఓబన్న.

ఉమర్ ఆ మూడింటికీ ఇంటి నంబరు కూడా కలిపి ప్రోగ్రాము మళ్లీ నడిపించాడు. నలభై. లిస్టు వెళ్లిపోయింది.

రెండో సిద్దమ్మ అతని వైపు మెడ సాచింది. "నన్ను తీసేసింది నువ్వేనా నాయనా?"

"నేనే అవ్వా."

"ఈ పొద్దు నీ మొగం మసగ్గా ఉండాది. కన్ను బాగైనాక వచ్చి, శానాసేపు చూసి తిడతా."

"తప్పకుండా రా అవ్వా," అని ఉమర్ క్యారియరు విప్పి, ముందు ఆమెకే వడ్డించాడు.