తన గుర్రం, తన దాణా

“కాస్త గొంతు తగ్గించవే, పక్క మంచమాయన నిద్రపోతున్నాడు.”

“నా గొంతు ఇంతే. పెళ్లిచూపుల్లో విని కూడా చేసుకున్నారుగా, ఇప్పుడేమిటి?”

నాకూ మా ఆయనకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన కళ్లు మూసుకునే నవ్వాడు. నర్సు వచ్చి నన్ను కాసేపు బయట కూర్చోమంది. మళ్లీ లోపలికి పిలిచేసరికి ఆయన లేడు. గొప్ప మాటలేవీ చెప్పుకోలేదు. బతికినన్నాళ్లూ ఎలా మాట్లాడుకున్నామో అప్పుడూ అలాగే మాట్లాడుకున్నాం.

నాకు సంతకం వరకే వచ్చు. ప్రార్థనలో పాటల పుస్తకం పట్టుకుంటాను గానీ పాటలన్నీ నోటికే వచ్చు, పేజీలు తిప్పడం అందరితో పాటు తిప్పుతాను. అందుకే మా తమ్ముడి కూతురు కాగితాలు ముందేసుకుని, “అత్తా, నువ్వు చెప్పు, నేను రాస్తాను” అని కూర్చుంది. నేను రాయించాలనుకున్నది ఆసుపత్రి సంగతి కాదు. ఈ దేశం వచ్చాక మా ఆయన మనసుపడి కోరుకున్నది ఒకటే ఉంది. ఇక్కడ మేమున్న ఊళ్లో ముసలివాళ్ల గుర్రాల దండు ఒకటుండేది. ఆ దండు వరసలో ఒక్కసారి గుర్రమెక్కి నిలబడాలని ఆయన కోరిక.

ఆయన పశువుల డాక్టరు. కోస్తాలో ఉన్నప్పుడు ఎడ్లూ గేదెలూ చూసిన చెయ్యి. కాలేజీ రోజుల్లో కేడెట్లకి గుర్రపు స్వారీ నేర్పితే నేర్చుకున్నాడు. న్యూజెర్సీ వచ్చాక మందుల కంపెనీ లాబ్‌లో ఎలుకల మధ్య పడ్డాడు. “ఎలకకి సూది వెయ్యడం కూడా ఒక వైద్యమేనటే?” అని సాయంత్రం టీ తాగుతూ విసుక్కునేవాడు. డెబ్బైలు అయిపోతున్న రోజుల్లో, మా ఇంటికి కారులో పది నిమిషాల దూరంలో ఒక పాత గుర్రపుశాల ఉందని కనిపెట్టాడు. ఆ దండు గుర్రాలు ఉండేది అక్కడే. ఇక అక్కణ్నుంచి ఇంటికి వచ్చిందే లేదు, అన్నం వేళకి తప్ప.

ఆ దండు రెండో ప్రపంచ యుద్ధం నాటిది. ఊళ్లో వయసు కుర్రాళ్లందరినీ ఓడలెక్కించి సముద్రాల అవతలికి పంపేశారు. మిగిలినవాళ్లలో పాలు పోసే ఆయనా, పళ్ల డాక్టరూ, రైతులూ, అందరూ యుద్ధానికి వయసు మీరినవాళ్లే, కలిసి దండు కట్టారు. జీతం లేదు. బట్టలు కూడా ఎవరివి వాళ్లే కుట్టించుకున్నారు. పట్నానికి నీళ్లిచ్చే చెరువునీ, రైలు వంతెననీ కాపలా కాయాలి. పెట్రోలు కరువు గనక గుర్రాలే దిక్కు. పొద్దున పాలబండి లాగిన గుర్రమే సాయంత్రం కాపలాకి వెళ్లేది. అలవాటు చొప్పున ప్రతి ఇంటి గేటు దగ్గరా ఆగిపోయేదట. పైన రౌతు తుపాకీ పట్టుకుని కూర్చుని, ఆ ఇంటావిడకి టోపీ ఎత్తి దండం పెట్టి, మళ్లీ బయలుదేరేవాడట.

వాళ్లకి ఒకటే రూలు: తన గుర్రం, తన దాణా. సొంత గుర్రం తెచ్చి, సొంత దాణా పెట్టుకున్నవాడే వరసలో నిలబడాలి. యుద్ధం అయిపోయింది, ఇక చాలించండని పైవాళ్లు చెప్పారు. వీళ్లు చాలించలేదు. ఏటా డిసెంబరు మొదటి శనివారం పొద్దున్నే ఆ చెరువు చుట్టూ ఒకసారి గుర్రాల మీద తిరిగి వచ్చి కాఫీ తాగేవారు.

పాలు పోసిన ఆయనే వాళ్ల కెప్టెను. మా ఆయన్ని “డాక్” అనేవాడు. మా ఆయన గిట్టలు గీకేవాడు, పుళ్లు కడిగేవాడు, కళ్లేలు తుడిచేవాడు. వరస కట్టే పూటకి మాత్రం కంచె బయట నాతో పాటు నిలబడేవాడు. రూలు రూలే. గుర్రం కొందామని ఆయన ఒకసారి మెల్లగా మాట ఎత్తాడు.

“ఎక్కడ కడతారండీ, బేస్‌మెంట్‌లోనా?” అన్నాను.

“గరాజ్‌లో కడదాం. కారు బయట పెడదాం.”

“నన్ను కూడా బయట పెట్టండి, చోటు కలిసొస్తుంది.”

మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఎనభైల మొదట్లో ఒక వేసవి చివర కెప్టెన్ గారి భార్య పోయింది. ఆ వెంటనే ఆయన తెల్లగుర్రం తిండి మానేసింది. ఆడగుర్రం, వయసైనది. డొక్కలు తేలిపోయాయి. యజమానురాలి కోసం బెంగపెట్టుకుందని అందరూ అనుకున్నారు. కెప్టెన్ గారి కూతురు గుర్రాల వ్యాపారితో మాట్లాడేసింది. వారంలో ట్రక్కు వస్తుందంది. గుర్రం పోతే నేనూ మానేస్తానని కెప్టెన్ గారు అన్నాడు. ఆయనే మానేస్తే మిగిలిన నలుగురైదుగురు ముసలాళ్లని జమకూర్చేదెవరు? మా ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా మెట్ల మీద కూర్చున్నాడు.

“వరసే లేకపోతే ఇంక నిలబడేదెక్కడే?” అన్నాడు.

మర్నాడు వెళ్లి దాని నాలుక పక్కకి లాగి నోట్లో చెయ్యి పెట్టి చూశాడు. బెంగా లేదు, గింగా లేదు. పళ్లు అరిగిపోయాయి. ఆకలవుతోంది గానీ గడ్డి నలగక ఉండలు ఉండలుగా ఉమ్మేస్తోంది. పదునుదేరిన అంచులు ఆకురాయితో అరగదీశాడు. ఇంటికొచ్చి, “ఉలవలు ఉన్నాయా?” అన్నాడు.

మా వైపు ముసలి ఎడ్లకీ గుర్రాలకీ పెట్టేది అదేగా! ఉలవలు మెత్తగా ఉడకబెట్టి, ఆ గుగ్గిళ్లు పశువుకి పెడతాం. వార్చిన కట్టు చిక్కగా కాచి మనం చారు పెట్టుకుంటాం. ఎడిసన్ ఊళ్లో అప్పటికి మన సరుకుల కొట్లు ఒకటీ అరా వచ్చాయి. ఉన్న ఉలవలన్నీ ఇమ్మంటే కొట్టాయన బిత్తరపోయాడు.

“ఇన్నెందుకమ్మా?”

“గుర్రానికి.”

“పాపం, కారులో కూర్చున్న ఆయన గురించేనా?” అన్నాడు. మా ఆయన కారు అద్దం పైకెత్తేసుకున్నాడు.

శనివారం రాత్రి ఉడకేశాను. గుగ్గిళ్లు ఒక స్టీలు డబ్బాలో పోశాను. ఉలవచారుకి చింతపండు పిసికి, ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసి తిరగమోత పెట్టి, దాని జోడు డబ్బాలో పోశాను. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం కలిసి తినే భోజనానికి ఆ చారు. పొద్దున్నే మా ఆయన గుర్రపుశాలలో ఒక డబ్బా దింపి, మధ్యాహ్నం దానికి పెట్టమని కెప్టెన్ గారికి చెప్పి వచ్చాడు. ఇద్దరం ప్రార్థనకి వెళ్లాం.

భోజనాల దగ్గర పాస్టరు గారు వంటలన్నిటికీ స్తోత్రం చెప్పి నా డబ్బా మూత తీశారు. ఉప్పూ కారం లేని గుగ్గిళ్లు!

“ఏంటక్కా, ఈ వారం మాకు దాణాయా?” అంది ఒకావిడ.

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. డబ్బా మూసేసి కారు దగ్గరికి పరిగెత్తాం. “పళ్లు లేనిదానికి మిరపకాయ చారు పోయించావే!” అని దారంతా ఆయన. “డబ్బా తీసుకెళ్లిన చెయ్యి ఎవరిదండీ?” అని దారంతా నేను.

వెళ్లేసరికి తెల్లగుర్రం మూతి గోధుమరంగయి ఉంది. పై పెదవి ముక్కు మీదకి మడిచి తుమ్ముతోంది. కెప్టెన్ గారు బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఫ్లాస్కు మూతతో చారు తాగుతున్నాడు. మొహం ఎర్రగా కందింది, కళ్ల వెంట నీళ్లు.

“డాక్,” అన్నాడు, “యుద్ధంలో ఇది ఉంటే ఆ చెరువు గట్టు మీద మాకు చలే ఉండేది కాదు.”

మా ఆయన చేతులు నలుపుకుంటూ పొరపాటు చెప్పాడు.

“అయితే మీరు గుర్రం తిండి తింటారా?”

“లేదు సార్, గుర్రమే మా తిండి తింటుంది.”

భార్య పోయాక ఆయన నవ్వగా చూడటం మాకదే మొదటిసారి. మా ఆయన నీళ్లతో దాని మూతి కడిగి, గుగ్గిళ్లలో తవుడు కలిపి పెట్టాడు. మొదట అనుమానంగా వాసన చూసింది. తర్వాత తొట్టి అడుగు నాకింది. ట్రక్కు రావక్కర్లేదని కెప్టెన్ గారు ఆ సాయంత్రమే కూతురికి ఫోన్ చేశాడు. ఇక రోజూ పొయ్యి మీద ఉలవలే. ఇల్లంతా కొట్టం వాసన. మా ఆయనకి మాత్రం అదే అత్తరు.

డిసెంబరు శనివారం వచ్చింది. తెల్లగుర్రం డొక్కలు పూడాయి. ముసలాళ్లు ఒకళ్లనొకళ్లు నెట్టుకుంటూ గుర్రాలెక్కారు. కెప్టెన్ గారు రికాబులో కాలు పెట్టాడు. మోకాలు లేవలేదు. మళ్లీ పెట్టాడు. అందరూ వేరే ఏదో చూస్తున్నట్టు మొహాలు తిప్పుకున్నారు. ఆయన కాలు తీసేసి మా ఆయన వైపు తిరిగాడు.

“డాక్, నువ్వెక్కు.”

“రూలుంది కదా సార్.”

“దాణా నీదే కదా?” అంటూ కళ్లెం మా ఆయన చేతిలో పెట్టాడు. “ఈ పూటకి గుర్రం కూడా నీదే.”

“త్వరగా ఎక్కవయ్యా, దీనికి మళ్లీ ఆకలేస్తుంది!” అని పళ్ల డాక్టరు పైనుంచి అరిచాడు.

మా ఆయన ఎక్కాడు. కొత్తవాడి చోటు చివరే గనక మర్యాదగా అందరి వెనక్కి తీసుకెళ్లి నిలిపాడు. తెల్లగుర్రానికి ఆ మర్యాద పట్టలేదు. దాని చోటు ఎప్పుడూ ముందే. అందరినీ దాటుకుని వచ్చి వరసకి ముందు నిలబడింది. ఆయన సిగ్గుపడిపోయి వెనక్కి మళ్లించాడు. మళ్లీ వచ్చింది. ముసలాళ్లు జీన్ల మీద ఊగిపోతూ నవ్వారు.

“దాని మాట విను డాక్, అది నీకంటే సీనియర్,” అన్నాడు కెప్టెన్ గారు.

అలా మా ఆయన ముందు, దండంతా వెనక. కెప్టెన్ గారు మా కారు నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. చెరువు గట్టు మీద వాళ్ల వెనకాలే నెమ్మదిగా వెళ్లాం. ఆయన ఇంగ్లీషులో యుద్ధం రోజులు ఏవేవో చూపిస్తున్నాడు. నాకు సగం అర్థమైంది, సగం వినలేదు. అద్దం దించి, మెడ బయటపెట్టి మా ఆయన వీపే చూశాను. అంత నిటారుగా ఆయన మా పెళ్లినాడు కూడా కూర్చోలేదు.

ఏమే అమ్మాయ్, చెయ్యి నొప్పెడుతోందా? నీ రాతలో ఆయన్ని వెనక ఉంచేశావో ముందుకి తెచ్చావో నాకెలా తెలుస్తుంది? ఆయన గుర్రమెక్కిన దగ్గర్నుంచి ఒకసారి చదువు, వింటాను.