మీసానికి పేరు పెట్టిందెవరు?

ఆవిడకి ఓర్వలేనితనం చిన్నప్పటి నుంచీ ఉంది. చెల్లెలికి టైఫాయిడ్ వచ్చి చుట్టాలంతా మంచం చుట్టూ చేరితే, నాకెందుకు రాలేదని గుక్కపట్టి ఏడ్చిన మనిషి. పెద్దయ్యి, కణాల మీద పరిశోధన చేసి, పెళ్లాడి, పిల్లల్ని కని, ఒకే ల్యాబులో ఏళ్ల తరబడి నెగ్గుకొచ్చినా ఆ మంట చల్లారలేదు. ల్యాబులో అందరూ 'పెద్దక్క' అనేవారు. ఆ పిలుపు ఇంకెవరికీ దక్కనంతకాలం ఆవిడ చల్లగానే ఉండేది.

ఒకరోజు టీ తాగుతూ, ల్యాబు నడిపే సారు కొత్తగా అచ్చు వేయించిన వ్యాసం తిరగేసి పకపకా నవ్వింది.

"ఒసే పిచ్చుకా, ఇటు చూడు. ఇవి మందు వేసిన కణాలట, ఇవి వెయ్యనివట. రెండూ ఒకే ఫొటో! ఒకదాన్ని తలకిందులు చేశారంతే. మీసం చూడు, ఇక్కడ కిందుంది, అక్కడ పైకెక్కింది."

మీసమంటే పాత మైక్రోస్కోపు కెమెరా అద్దం మీది సన్నటి గీత. తీసిన ప్రతి ఫొటోలోనూ కింద కుడిమూల వంకరగా పడేది. ఆ పేరు పెట్టింది పెద్దక్కే. ఆ కెమెరాని పిచ్చుక చూడనేలేదు. ఈ బక్కపలచని పరిశోధక విద్యార్థిని ల్యాబులో చేరేసరికే కొత్తది వచ్చేసింది.

పెద్దక్క నవ్వేసి, కప్పు కడుక్కుని వెళ్లిపోయింది. పిచ్చుక నవ్వలేదు. పరిశోధనల్లో మోసాలు విచారించే కార్యాలయానికి వెళ్లి ఫిర్యాదు ఇచ్చింది.

ఆ కార్యాలయం గోడ మీద 'నిజం చెప్పేవారికి మేం వెన్నుదన్ను' అని పెద్ద పోస్టరు. పోస్టరు గోడకి అతుక్కునే ఉంటుంది గానీ ఎవరి వెనకా వచ్చి నిలబడదు. పిచ్చుక గుర్తింపు కార్డుకి ల్యాబు తలుపు తెరుచుకోవడం మానేసింది. అడిగితే మరమ్మతన్నారు. ఆమె వచ్చి కూర్చుంటే భోజనాల బల్ల ఖాళీ అయ్యేది.

ఇవన్నీ పెద్దక్క చూసింది. కానీ ఆవిడ కంటికి ముందు ఆనింది వేరే. ఎవరి నోట విన్నా పిచ్చుక మాటే. పక్క విభాగాల వాళ్లు సైతం వరండాలో తలలు తిప్పి చూస్తున్నారు, గుసగుసలాడుతున్నారు.

"కనిపెట్టింది నేను, పేరు దానికి!" అని ఇంట్లో గిన్నెల మీద విసుక్కుంది.

"అయితే ఫిర్యాదు నువ్వే ఇవ్వాల్సింది" అన్నాడు మొగుడు. ఆయన బడిలో లెక్కల మాస్టారు.

"ఇస్తే సారు నా ఉద్యోగం పీకేస్తాడు."

"అంటే పేరు కావాలి, ముప్పు వద్దు."

"వద్దు. ఎవరిక్కావాలేంటి?"

"పిచ్చుకకి" అన్నాడాయన. ఆ పూట ఆయనకి కూర వడ్డించిన తీరులోనే జవాబు ఉంది.

విచారణకి ఫిర్యాదు చేసినవాళ్లు ఒక తోడు తెచ్చుకోవచ్చు. తోడు పక్కన కూర్చోవాలి, నోరు విప్పకూడదు. పిచ్చుక ఎవర్ని అడిగినా పనుందన్నారు. చివరికి పెద్దక్క దగ్గరికొచ్చింది.

"మీ పేరు ఎక్కడా చెప్పనక్కా. ఊరికే పక్కన కూర్చోండి చాలు. ఒక్కదాన్నే వెళ్లలేను."

పెద్దక్క ఒప్పుకుంది. జాలిపడి కాదు. వెళ్లకపోతే అక్కడేం జరిగిందో ఇంకొకరు చెప్తే వినాలి. అది ఆవిడ వల్ల కాదు.

విచారణ గదిలో సారు నిమ్మళంగా మాట్లాడాడు. "ఫొటోలు వేరు, కణాలు ఒకేలా ఉన్నాయంతే. పాత కెమెరా మీద గీత ఉండేదని ఈ అమ్మాయికెలా తెలుసు? అది పోయాకే కదా చేరింది! ఫెలోషిప్ పొడిగించలేదని కక్ష కట్టింది."

కమిటీ పెద్దావిడ కళ్లజోడు సవరించుకుంది. "ఎలా తెలుసమ్మా? చెప్పలేకపోతే దీన్ని తప్పుడు ఫిర్యాదని రాయాల్సొస్తుంది. నీ సీటు పోతుంది."

పిచ్చుక తల వంచుకుంది. పెద్దక్క పేరు చెప్పనని మాటిచ్చింది మరి. "తెలుసండీ... దాన్ని మీసం అంటాం."

పెద్దావిడ నవ్వింది. "మీసమా! భలే పేరు పెట్టావమ్మా."

పెద్దక్క కడుపులో భగ్గుమంది. ఉద్యోగం, సారు, రూలు, ఏవీ గుర్తు లేవు.

"అది పెట్టలేదండీ, నేను పెట్టాను!" లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "ఆ కెమెరాతో ఫొటోలు తీసింది నేను. తిప్పి వేశారని ముందు చూసిందీ నేనే. పాత ఫొటోలన్నీ నా కంప్యూటర్లో ఉన్నాయి, ప్రతిదాంట్లో మీసముంది, తెచ్చి చూపిస్తా. ఇది నా దగ్గర విందంతే!"

సారు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పెద్దావిడ కలం తీసింది. "తోడు మాట్లాడకూడదు. కాబట్టి ఇక మీరు తోడు కాదు, సాక్షి. కూర్చోండి."

ఏం చేసిందో పెద్దక్కకి అప్పుడు తెలిసొచ్చింది. పిచ్చుక కుర్చీ ఎత్తి నిలబెట్టి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆవిణ్ణి లేపి నిలబెట్టింది అంతరాత్మ అని రాస్తే చదువుకోవడానికి బాగుంటుంది. లేపింది కడుపుమంట. అయినా పని జరిగింది. సారు వ్యాసం వెనక్కి తీసుకోవాల్సొచ్చింది, పిచ్చుక సీటు నిలిచింది. ఇప్పుడు పెద్దక్క కార్డు కూడా 'మరమ్మతు'లో పడింది. భోజనాల బల్ల దగ్గర మిగిలింది వాళ్లిద్దరే.

"తీర్పులో నన్ను 'రెండవ సాక్షి' అన్నారేంటే? ముందు చూసింది నేనైతే!"

"అప్పీలు చేస్తారా అక్కా?"

"చెయ్యనా మరి? తోడుగా నువ్వు రా. నోరు మాత్రం విప్పకు."