అత్తమ్మ గదిలో నీళ్ళ మిషన్

సిద్దిపేటలో మా ఇంటి వెనక గది ఒక్కదానికే స్లాబు ఉండేది. మా ఆయన దుబాయి పోయిన మూడో ఏడు కట్టించాడు. కట్టిన ఏడాదికే అది కారడం మొదలుపెట్టింది. ముసురు పట్టిందంటే గోడలు నానిపోయి, సున్నం పొక్కులు లేచి, మూలల్లో నల్లగా బూజు పట్టేది. ఆ గదిలోనే మా అత్తమ్మ పడుకునేది, పగలంతా అక్కడే కూర్చుని బీడీలు చేసేది. ఆమెకు దమ్ము జబ్బు ఉండేది. వానకాలంలో నెలకు రెండుసార్లయినా ఊపిరాడక నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. అప్పుడు దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చేది. నేనొక ప్రైవేటు బడిలో రెండో తరగతికి చదువు చెప్పేదాన్ని. దవాఖాన నుంచి నేరుగా బడికి పోయిన రోజులు చాలా ఉన్నాయి. నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ నిలబడే కునుకు తీసేదాన్ని.

మా ఆయన అక్కడొక హోటల్లో ఏసీలు బాగుచేసేవాళ్ళకు హెల్పరుగా ఉండేవాడు. తొంభైల మొదట్లో ఒకసారి సెలవు మీద వస్తూ, నడుమెత్తున్న తెల్లటి మిషనొకటి తెచ్చాడు. హోటల్లో పాతదైందని పక్కన పెడితే, అడిగి తీసుకుని తనే బాగుచేసుకున్నాడట. బొంబాయి నుంచి దాన్ని బస్సులో పెట్టుకుని, ఎక్కడ గుంత వస్తే అక్కడ రెండు చేతులా పట్టుకుని తెచ్చాడు. వెనకవైపు జాలీలోంచి గాలిని లోపలికి గుంజుకుని, అందులోని తేమను నీళ్ళుచేసి కింది డబ్బాలోకి వదిలి, ఎండిన గాలిని ముందునుంచి వెచ్చగా బయటికి పంపుతుంది. గది తలుపు మూసి పెడితే చాలన్నాడు. మొదటిరోజు పొద్దున డబ్బా తీసి చూస్తే సగానికిపైగా నీళ్ళున్నాయి. అత్తమ్మ అందులో వేలు ముంచి చూసి, "గిన్ని నీళ్ళు నా రొమ్ముల పోతుండెనా?" అంది. అప్పటినుంచి మా వాడకట్టులో దాని పేరు నీళ్ళ మిషన్ అయింది.

రెండు వానకాలాలు అది బాగానే నడిచింది. రోజూ పొద్దున నేను డబ్బా పారబోసేదాన్ని. దవాఖానకు పోవడం తగ్గింది. మూడో ఏడు వానలు మొదలైన పది రోజులకు, ఒక పొద్దున డబ్బా తీస్తే అడుగున గరిటెడు నీళ్ళున్నాయి. మిషన్ మాత్రం ఎప్పటిలాగే గుయ్యిమంటోంది. మర్నాడూ అంతే. ఆ వారంలోనే అత్తమ్మకు దమ్ము లేచింది.

మా ఆయన శుక్రవారం శుక్రవారం సాయంత్రం పక్కింటి కిరాణా దుకాణానికి ఫోన్ చేసేవాడు. అక్కడ మిరపకాయల బస్తాల మధ్య నిలబడి మాట్లాడాలి. మిషన్ సంగతి చెప్పాను. ఆయన ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. ముందునుంచి వచ్చే గాలి వెచ్చగా ఉందా? డబ్బా సరిగా లోపలికి కూర్చుందా? ఎర్రలైటు వెలుగుతోందా? నేను ఇంటికి ఉరికి, చూసి, మళ్ళీ వచ్చి చెప్పేదాన్ని. గాలి వెచ్చగా లేదు. డబ్బా సరిగానే ఉంది. లైటు వెలగలేదు. వెనక జాలీ తీసి కడగమన్నాడు. తీస్తే దాని నిండా బీడీల తంబాకు పొడి, తడిసి అట్టలు కట్టింది. సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి పెట్టాను. మర్నాడు పొద్దున డబ్బా సగం నిండింది. సమస్య తీరిపోయిందనుకున్నాను. నాలుగు రోజులకు డబ్బా మళ్ళీ ఖాళీ.

తర్వాతి శుక్రవారం, జాలీ వెనక రాగి గొట్టాల మీద మంచు పేరుకుందేమో చూడమన్నాడు. చూశాను. పేరుకుంది, కిరాణా దుకాణంవాళ్ళ ఫ్రిజ్‌లో పేరుకున్నట్టు. బందు పెట్టి మంచు కరిగేదాకా ఆగు, గోడకు జానెడు దూరం జరుపు అన్నాడు. బడి నుంచి వచ్చి, బియ్యం ఏరి, కూర పొయ్యి మీద పెట్టి, మిషన్ కింద గుడ్డలు పరిచి మంచు కరిగే వరకు కూర్చున్నాను. గోడకు దూరంగా జరిపాను. రెండు రోజులు నడిచింది, మళ్ళీ అదే తంతు. అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, మోకాళ్ళ మీద చాటలో తునికాకు కత్తిరించుకుంటూ నన్ను చూసేది. నిజం చెప్పాలంటే ఆమె ఏమీ అడగకపోవడమే నాకు నయమనిపించింది. జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

మూడో వారం ఫోన్లో ఆయన గొంతు కూడా నీరసించింది. "గ్యాసు పోయిందేమో. ఎవలకన్న సూపెట్టు," అన్నాడు. అంత దూరం నుంచి చెయ్యగలిగింది అయిపోయిందన్నట్టు ఫోన్ పెట్టేశాడు.

పాత బస్టాండు దగ్గర ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉండేవాడు. నారాయణరావుపేట నుంచి రోజూ స్కూటరు మీద వచ్చిపోయేవాడు. అలాంటి మిషన్ను ఎప్పుడూ చూడలేదన్నాడు గానీ, ఆదివారం పొద్దున ఇంటికి వచ్చాడు. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలుండేది ఫ్రిజ్ సామానేనని తేల్చుకుని, మరలు విప్పాడు. కంప్రెషరు మీద చెయ్యి పెట్టి చూసి, అది బాగుందన్నాడు. గ్యాసు కూడా ఉందన్నాడు. గాలి ఆడకనే గొట్టాల మీద మంచు కడుతోందట. అయితే గాలి ఎందుకు ఆడటంలేదు? పాత పళ్ళబ్రష్షుతో గొట్టాల మీది సన్నటి రేకుల మధ్య రుద్దుతూ వచ్చాడు. తంబాకు పొడితోపాటు గోధుమరంగు పీచు ఊడివచ్చింది. కొంచెం కొంచెంగా పిడికెడైంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని వేళ్ళతో విడదీసి చూశాడు.

"అక్కా, గిది గోనెపట్ట పీసు. దీని ఎన్కకు గోనెపట్టలు కప్పుతున్నరా మీరు?"

నేను లేదన్నాను. అన్నాక అత్తమ్మ వైపు చూశాను. ఆమె కత్తెర ఆగింది. ఆకును నీళ్ళలో నానబెట్టాక తడి ఆరకుండా చుట్టి పెట్టే గోనెపట్టలు ఆమె పక్కనే ఉన్నాయి. మెకానిక్ ఆమెనూ నన్నూ చూసి, మళ్ళీ మిషన్ వైపు తిరిగాడు. రేకులన్నీ కడిగి, వంగినవి సరిచేసి, మరలు బిగించి నడిపి చూపించాడు. ముందునుంచి వెచ్చటి గాలి వచ్చింది. చాయ తాగి వెళ్ళిపోయాడు.

ఆయన పోయాక నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. కోపం రావాలి. రాలేదు. మూడు వారాలుగా దుకాణానికీ ఇంటికీ ఉరికిన కాళ్ళు పీకుతున్నాయి, అంతే. ఎందుకు చేశావని అడిగాను.

"ఆకు పటపట ఇరుగుతుంది బిడ్డా," అంది. "తడిపి పెడ్తె గడియల ఎండుతుంది. సుడితే పగులుతుంది. కార్ఖానాల సగం బీడీలు తీసి పక్కకేస్తుండ్రు."

మొదటి రెండేళ్ళు మిషన్ రాత్రిపూట మాత్రమే నడిచేది. ఈ ఏడు గోడలు మరీ నానాయని పగలు కూడా నడవాలని పెట్టింది నేనే. నేను బడికి పోగానే ఆమె జాలీ మీద గోనెపట్ట మడతపెట్టి కప్పేది. నేను వచ్చే వేళకు తీసేసేది. స్విచ్చి బందు పెడితే సరిపోయేది కదా అన్నాను.

"మోత బందయితే పక్కింటి కిరాణపామె నీతోని చెప్తది. నడుస్తనే ఉంటే తెల్వదనుకున్న."

"నాతోని చెప్తే అయిపోతుండె గదా అత్తమ్మా."

ఆమె చాట పక్కకు పెట్టింది. "వాడు గంత దూరంకెళ్ళి పసిపోరన్ని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చిండు. నా దమ్ము కోసమే తెచ్చిండు. వద్దని ఎట్లంట?"

బీడీలు మానెయ్యమన్నాను. దమ్ముకు తంబాకే కారణమని దవాఖానలో ఎన్నిసార్లు చెప్పలేదు? ఆయన పంపేది మనకు సరిపోతోంది కదా అన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

"వాడు పంపేది మీది. గిది నాది. తొమ్మిదేండ్ల పిల్లనప్పటి సంది చేస్తున్న. ఇది ఇడిసిపెట్టి పొద్దంత గోడలు సూసుకుంట కూసోవాల్నా?"

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఆకులనూ చాటనూ వసారాలోకి మార్చాం. పగలు ఆమె అక్కడ పనిచేసుకుంటే గది తలుపు మూసి మిషన్ నడుపుకోవచ్చు, రాత్రి ఎండిన గదిలో పడుకోవచ్చు. వసారాలో జల్లు కొట్టేది. పాత టార్పాలిన్ ఒకటి కట్టాను. గాలికి అది ఊడిపోతే మళ్ళీ కట్టాను. బడి నుంచి వచ్చాక ఆమె పక్కన కూర్చుని నేనూ ఆకు కత్తిరించడం నేర్చుకున్నాను. నాది వంకర్లు పోయేది. ఆమె మళ్ళీ సరిచేసుకునేది.

తర్వాతి శుక్రవారం ఫోన్లో మా ఆయనకు ఏం చెప్పాలో అర్థం కాలేదు. వాడికి చెప్పొద్దని అత్తమ్మ పొద్దున్నే అంది. లోపల దుమ్ము పేరుకుందట, కడిగితే బాగైంది అన్నాను. "నేనన్ల? మొదలే చెప్పిన గదా," అన్నాడు. మూడు వారాల తర్వాత మొదటిసారి ఆయన గొంతు తేలికపడింది. అబద్ధం చెప్పినందుకు పెద్దగా బాధపడలేదు. ఇంటికి పోయి అన్నం వండాలి అనుకున్నాను.

గోనెపట్ట సంగతి అత్తమ్మే చెప్పింది, మరుసటి ఎండాకాలం ఆయన సెలవు మీద వచ్చినప్పుడు. అన్నం తింటుంటే, పక్కనే కూర్చుని, వేరే ఎవరి గురించో చెప్తున్నట్టు చెప్పింది. ఆయన చేతిలో ముద్ద మళ్ళీ కంచంలో పెట్టాడు.

"మరి దమ్ము?" అన్నాడు.

"దమ్ము ఉంటది. పని గూడ ఉంటది."

ఆయన నా వైపు చూశాడు. నేను గిన్నెలోంచి ఇంకొంచెం పప్పు వడ్డించాను. ఆయన తినడం ముగించి, చెయ్యి కడుక్కుని, నిచ్చెన వేసుకుని స్లాబు ఎక్కాడు. ఆ సెలవులో సగం రోజులు పగుళ్ళు చెక్కి, సిమెంటు పోసి, నీళ్ళు పట్టడానికే అయిపోయాయి. మిగతా సగం రోజులు వసారాలో, వాళ్ళమ్మ ఆకు కత్తిరిస్తుంటే ఆమె పక్కనే చాప వేసుకుని నిద్రపోయాడు. ఆ ఏటి వానలకు గది మూడు మూలలు కారలేదు. నాలుగో మూల ఇంకా చెమ్మగిల్లేది, మిషన్ అక్కడ పెట్టుకున్నాం.